తెరమీది రోగి – వార్డులోని రోగి
(బస్తర్‌లో నర్సింగ్ శిక్షణను గురించి చేసిన ప్రసంగ పాఠము)



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో నర్సుల చదువు ప్రస్తావన ఎందుకని కొందరికి సందేహము కలుగవచ్చును. కొత్తవలస–కిరండూల్ మార్గములో పనిచేసినవారికి ఆ సందేహము రాదు. బైలడిలా ఖనిజము కొరకు 1960 దశకములో వేసిన ఆ మార్గముపై కొండచరియ విరిగిపడిన రోజున జగదల్‌పూర్ నుండి విశాఖపట్టణమునకు రైలు కదలదు. ఆనాడు జ్వరముతో పడియున్న బిడ్డకు అక్కడి ఆసుపత్రి, అక్కడి నర్సే దిక్కు. మన కుటుంబముల పిల్లలు కూడ ఎందరో ఆ చదువులో ఉన్నారు.

ఆ చదువులోనికి ఇటీవల ఒక కొత్త పనిముట్టు వచ్చినది. దానిని వర్చువల్ సిమ్యులేషన్ గేమ్ అని వ్యవహరించుచున్నారు. పేరులో ఆట ఉన్నను ఇది కాలక్షేపము కాదు. కంప్యూటరు తెరపై రోగి కనిపించును. కథ ఒకచోట ఆగి, ఇప్పుడేమి చేయుదువని విద్యార్థిని ప్రశ్నించును. మూడు నాలుగు మార్గములు చూపును. ఎన్నుకొన్నది తప్పయినచో ఎందుకు తప్పో తెలిపి మరల అవకాశమిచ్చును. కెనడాలోని నర్సింగ్ అధ్యాపకులు ఇటువంటివి అనేకము తయారుచేసియున్నారు. 2020లో కోవిడ్ వలన విద్యార్థులకు వార్డుల తలుపులు మూతపడినప్పుడు వీటి వాడుక ఎంతో పెరిగినది. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో సిమ్యులేషన్‌కు స్థానము కల్పించినది.

ఆలోచన మాత్రము పాతదే. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సుల పాఠశాలకు, బొమ్మలు తయారుచేయు మార్తా చేజ్ మనిషంత బొమ్మను చేసి ఇచ్చినది. మన లోకో పైలట్లు సిమ్యులేటరులో కూర్చుండి నేర్చుకొనుట మీరెరిగినదే. అక్కడ ఎర్ర సిగ్నలు దాటినను ఎవరి ప్రాణమూ పోదు. నర్సుకు మాత్రము మొదటి తప్పు బ్రతికియున్న మనిషిమీదనే జరుగవలెనా?

బస్తర్‌కు తగిన ఆట ఎట్లుండవలెనో ఊహింతము. ఆరేండ్ల బాలుడు, 16 కిలోల బరువు, ఫాల్సిపారం మలేరియా. మూర్ఛ వచ్చినది. విద్యార్థిని ముందేమి చేయవలెను? పిల్లవానిని పక్కకు త్రిప్పి శ్వాసమార్గమును కాపాడవలెనా, మందు కొరకు పరుగెత్తవలెనా? రక్తములో చక్కెర ఎంతయున్నదో చూచినదా? చక్కెర తగ్గుటయే మూర్ఛకు కారణము కావచ్చును. పిమ్మట డాక్టరు ఆర్టిసునేట్ సూది వ్రాసెను. 20 కిలోల లోపు పిల్లలకు కిలోకు 3 మిల్లీగ్రాములు. అంతకు పైబడినవారికి 2.4. పెద్దల లెక్క వేసినచో ఈ బాలునకు 48 మిల్లీగ్రాములకు బదులు 38.4 మాత్రమే అందును. మొదటి సూది పిమ్మట 12 గంటలకు, 24 గంటలకు మరల ఇవ్వవలెను. రాత్రి డ్యూటీ మారునప్పుడు ఆ సంగతి తరువాతి నర్సుకు అందినదా? ఈ లెక్కను తెరమీద పదిసార్లు తప్పి నేర్చుకొన్న పిల్ల వార్డులో తప్పదని మేము అనము. కాని తొలిసారి చూచిన పిల్లకంటె స్థిరముగా నిలుచును. ఇంటింటికి పోయి, జ్వరము లేనివారికి సైతము రక్తపరీక్ష చేసిన మలేరియా ముక్త బస్తర్ అభియాన్ 2020లో ఆరంభమైన నేలపై ఇది కల్పిత పాఠము కాదు.

ఇక మన భయము చెప్పెదము. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 10 విద్యాసంస్థలలో జరిపిన పరిశీలన 2014లో వెలువడినది. వార్డులో గడపవలసిన కాలములో సగము వరకు సిమ్యులేషన్‌తో నింపినను ఫలితములో చెప్పుకొనదగిన తేడా కనిపించలేదని అది తేల్చినది. యాజమాన్యములు ఈ ఒక్క వాక్యమును పట్టుకొనును. అందుండిన షరతులను మరచును: శిక్షణ పొందిన అధ్యాపకులు, తగిన సామగ్రి, ప్రతి అభ్యాసము పిమ్మట కూర్చుండి జరుపు సవివర చర్చ. పైగా అక్కడ వాడినవి కేవలము తెర ఆటలు కావు. బొమ్మలు, రోగులుగా నటించు మనుషులు కూడ ఉండిరి. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉంచి, ఒక గదిలో కంప్యూటర్లు పెట్టి, దానికి ప్రత్యేక ఫీజు వసూలు చేయుట శిక్షణ అనిపించుకొనదు. యంత్రము వచ్చిన పేరున పోస్టులు పోయిన అనుభవము మన శాఖలకు క్రొత్త కాదు.

తెర నేర్పలేనిది మరియొకటి కలదు. చెమటపట్టిన చేతికి నరము దొరకుట, భయపడిన తల్లిని ఒప్పించుట వార్డులోనే రావలెను. ఆ తల్లి మాట్లాడునది హల్బీ, గోండీ. కోంటా, భోపాల్‌పట్నం వైపు దోర్లీ, తెలుగు. తెరమీది రోగి మాత్రము ఇంగ్లీషులో తన బాధను వరుసగా చెప్పుకొనును! అట్టి రోగిని మేమైతే బస్తర్‌లో చూడలేదు.

కావున జగదల్‌పూర్ ప్రభుత్వ నర్సింగ్ కళాశాల వంటి చోట్ల ఈ ఆటలు స్థానిక భాషలలో తయారు కావలెనని, నెట్‌వర్కు లేనప్పుడు కూడ పనిచేయునట్లుండవలెనని, వాటి పేరున వార్డు గంటలను, అధ్యాపక పోస్టులను తగ్గించరాదని ఈ సభ తీర్మానించవలెనని ప్రతిపాదించుచున్నాము. సంభాషణలు వ్రాయుటకు ఆ భాషలు వచ్చినవారు కావలెను. అడవి గ్రామములకు ఉత్తరములు మోసిన తపాలా సోదరులకంటె వాటిని ఎరిగినవారెవరు? హల్బీ, గోండీ, దోర్లీ వచ్చిన సభ్యులు సభ ముగిసిన పిమ్మట తమ పేర్లను, శాఖను వ్రాసి కార్యదర్శికి అందజేసి పోవలెనని కోరుచున్నాము.