రైతు పొలంలో విశ్వవిద్యాలయం

విశ్వవిద్యాలయం అనగానే మన మనస్సులో మెదిలేది ఒక పెద్ద ప్రాకారం, ఒక ద్వారం, లోపల తరగతి గదులు. ఆ ద్వారం దాటి చదువు ఊళ్ళోకి నడచి రావటం మనలో పెక్కుమందికి కొత్తమాట. గోదావరి డెల్టాలో మాత్రం ఆ పని చాలాకాలంగా జరుగుతూనే ఉన్నది. అది ఎందువల్ల ఫలించినదో, ఎక్కడ కొరవడినదో ఆలోచించటమే ఈ ప్రసంగం ఉద్దేశం.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో 1925లో వరి పరిశోధన కేంద్రం ఏర్పడినది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం అవతరించిన పిమ్మట ఈ కేంద్రం అందులో భాగమైనది. ఆ విశ్వవిద్యాలయమే ఇప్పుడు ఆచార్య ఎన్. జి. రంగా పేరుతో నడుస్తున్నది. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు బాధ్యతలను ఒకే సంస్థ వహించటం దాని ప్రత్యేకత. అమెరికాలో 1862 నాటి చట్టం వల్ల ప్రభుత్వ భూదానంతో వెలసిన కళాశాలలు ఈ పద్ధతికి మాదిరి. పరిశోధనలో తేలినది రైతుకు చేరటం, రైతుకు తెలిసినది పరిశోధకునికి చేరటం, ఈ రాకపోకలకే విస్తరణ అని పేరు.

ఈ రాకపోకలు ఎట్లా సాగుతాయో ఒక చిన్న సంచి చెబుతుంది. మార్టేరులో కొత్త వంగడం తయారైనంత మాత్రాన విడుదల కాదు. కొద్దిపాటి విత్తనాన్ని సంచులలో కట్టి రైతులకు ఇస్తారు. వీటినే చిరుసంచులంటారు. రైతు ఆ విత్తనాన్ని తన సొంత పొలంలో వేసి, తనకు అలవాటైన రకంతో పోల్చి చూస్తాడు. చేను పడిపోయినదా? సుడిదోమ పట్టినదా? తాలు ఎంత? మరపట్టిస్తే నూక ఎంత? అన్నం ఎట్లా ఉన్నది? వీటికి రైతూ, రైతు ఇల్లాలూ చెప్పే సమాధానాలు పరిశోధన క్షేత్రంలోని కొలతలకు తక్కువైనవి కావు.

ఇట్టి పరిశోధన ఎంత దూరం పోగలదో స్వర్ణ రకం చరిత్ర తెలుపుతున్నది. వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి మార్టేరులో రూపొందించిన ఈ వంగడం, అనగా ఎం.టి.యు. 7029, 1982లో విడుదలైనది. అది ఒడిశా, బెంగాలు, బీహారు రాష్ట్రాలకు వ్యాపించినది. రైతుల చేతుల మీదుగా సరిహద్దు దాటి బంగ్లాదేశానికీ చేరినది. అయితే దానికి ముంపును తట్టుకొనే శక్తి చాలదు. ఆ శక్తి ఒడిశా ప్రాంతపు ఒక పాత రకంలో దొరికినది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ గుణాన్ని స్వర్ణకు చేర్చగా, సుమారు రెండు వారాల మునకను ఓర్చుకొనే స్వర్ణ-సబ్ 1 రకం 2009లో మన దేశంలో విడుదలైనది. పేరు తెలియని రైతులు తరతరాలుగా కాపాడిన విత్తనమే శాస్త్రజ్ఞులకు దారి చూపినది. ఇచ్చేవారు ఒకరు, పుచ్చుకొనేవారు మరొకరు అనుకోవటం పొరపాటు.

ఇంత మంచి విత్తనం చేతిలో ఉండగానే 2011లో నాటి తూర్పు గోదావరి జిల్లాలోని కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. ధర గిట్టుబాటు కాదు, కూలీలు దొరకరు, మురుగు కాలువలు పూడి నీరు కదలదు అన్నవి వారి మొర. ఎకరానికి ఎన్ని బస్తాలు అన్న లెక్క ఒక్కటే రైతు లెక్క కాదని ఆ బీడు పొలాలు చాటినవి.

అంతేగాక డెల్టాలో నాగలి పట్టే చేతులలో చాలా భాగం కౌలుదారులవి. ఆ 2011లోనే కౌలుదారులకు రుణ అర్హత పత్రాలిచ్చే చట్టం వచ్చినది. పట్టా భూమి యజమాని పేర ఉంటుంది. నష్టం కౌలుదారు పేర ఉంటుంది. వచ్చే ఏడు అదే చేను తనకు దక్కుతుందో లేదో తెలియనివాడు కొత్త విత్తనంతో సాహసం చేయగలడా? కనుక చిరుసంచి ఎవరి గడపకు పోతున్నదని విశ్వవిద్యాలయం ముందుగా ప్రశ్నించుకోవలె.

ఇందుకు మార్గం లేకపోలేదు. వ్యవసాయ పట్టభద్రులు కాబోయే విద్యార్థులు చివరి సంవత్సరంలో కొంతకాలం గ్రామాలలో ఉండి పని నేర్చుకొంటారు. వారిలో ప్రతి ఒక్కరూ ఒక కౌలుదారు పక్కన కూర్చుండి ఆ పంట లెక్క మొత్తం వ్రాయవలె: దమ్ముకు ఎంత, ఊడ్పుకు ఎంత, అప్పుకు వడ్డీ ఎంత, కౌలుకు కొలిచిన బస్తాలు ఎన్ని, చివరకు మిగిలినది ఎంత. ఆ లెక్కను పరిశోధన కేంద్రానికి అందజేయటమే కాక, అదే ఊరి రచ్చబండ వద్ద చదివి వినిపించవలె. తప్పున్నచోట రైతులు దిద్దుతారు. చిరుసంచి ప్రయోగంలో నష్టం వస్తే దానిని రైతు ఒక్కడే మోయకుండా కూడా ఏర్పాటుండవలె.

విత్తనాన్ని రైతు చేత పరీక్ష చేయించటం మార్టేరుకు అలవాటైన పద్ధతి. ఏ ప్రశ్నను పరిశోధించవలెనో నిర్ణయించటంలో కూడా ఆ రైతుకు, ముఖ్యంగా కౌలు రైతుకు, చోటు కల్పించినప్పుడే విశ్వవిద్యాలయం ఊరికి బంధువవుతుంది. అంతవరకు అది వచ్చిపోయే అతిథి మాత్రమే.