తుపాకీలో తారాజువ్వ

తుపాకీ గుండుకు ఊపంతా గొట్టంలోనే అందుతుంది. బయటపడ్డాక పరుగు తప్ప దానికి మరో పని లేదు. తారాజువ్వ తీరు వేరు. మందు దాని కడుపులోనే ఉంటుంది, కాలుతున్నంతసేపూ వేగం పెరుగుతుంది. బరువైన గొట్టం అక్కర్లేదు, కాల్చినవాడి భుజాన్ని వెనక్కి తన్నదు. అందుకే జువ్వనే గుండుగా వాడుకోవాలన్న ఆశ ఆయుధాలు చేసేవారిని చాలాకాలం వదల్లేదు.

హైదర్ అలీ, ఆయన కొడుకు టిప్పు ఏలిన మైసూరులో యుద్ధానికి వాడిన జువ్వకు గొట్టం ఇనుముది. కాగితం, వెదురు పగిలిపోయేంత ఒత్తిడికి ఇనుము ఓర్చుకుంటుంది కాబట్టి మందును గట్టిగా దట్టించవచ్చు. ఇంగ్లండులోని వూలిచ్‌కు చేరిన నమూనాల్లో ఒకటి 58 మి.మీ. లావు, 254 మి.మీ. పొడవు, తోలు పట్టీలతో మీటరు పొడవు కత్తికి కట్టి ఉంటుంది. ఇంకొకదానికి కత్తి బదులు 1.9 మీటర్ల వెదురు కర్ర. దీపావళి జువ్వకు ఈనెపుల్ల చేసే పనే ఇక్కడ కర్రదీ.

1780లో కర్నల్ విలియం బెయిలీ గుంటూరు సీమ నుంచి కుంఫిణీ సేనతో దిగివచ్చి, ఆగస్టు 25న కొసస్థలై ఏటి ఉత్తరపు గట్టున విడిది చేశాడు. ఆ పూట ఏరు దాటేలాగే ఉంది. రాత్రికి వరద వచ్చి సెప్టెంబరు మొదటి వారం దాకా కదలనివ్వలేదు. 6న పేరంబాక్కం దగ్గర టిప్పు అడ్డుపడ్డాడు. 10న పొల్లిలూరులో హైదర్ సేన చుట్టుముట్టింది. బెయిలీ మందుగుండు బండ్లు పేలిపోయాయి. జువ్వ తగిలిందని కొందరు, ఫిరంగి గుండు తగిలిందని కొందరు రాశారు. శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీద ఆ పేలుడూ, పల్లకిలో బెయిలీ ఈనాటికీ కనిపిస్తాయి. పట్టుబడ్డ బెయిలీ 1782లో చెరలోనే పోయాడు.

జువ్వకు తిరుగులేదనుకుని లోకం పొరబడింది ఇక్కడే. కిక్కిరిసిన సేన మధ్య, బెదిరే గుర్రాల మధ్య జువ్వ ఎక్కడ పడినా పడినట్టే. గురి సంగతి అప్పుడు ఎవరూ అడగరు.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక కొన్ని జువ్వలు ఇంగ్లండు చేరాయి. వాటిని చూసి అక్కడ విలియం కాంగ్రీవ్ 1805 నాటికి తన నమూనా తయారుచేశాడు. 32 పౌన్ల రకానికి కర్రే నాలుగున్నర మీటర్లు. 1807లో ఆ జువ్వలతో జరిగిన బ్రిటిష్ దాడిలో కోపెన్‌హాగన్ తగలబడింది. ఊరంటే పెద్ద గురి కదా! అదే జువ్వను ఒక ఫిరంగి మీదికి విడిస్తే కథ మారింది. గాలి పొడవాటి కర్రను నెడితే జువ్వ మూతి గాలికి ఎదురు తిరుగుతుంది. 1815లో, వాటర్లూ యుద్ధానికి ముందురోజు, మొదటి జువ్వ ఫ్రెంచి ఫిరంగిని దెబ్బతీసింది గానీ తరవాతివి దారి తప్పాయి; ఒకటి వెనక్కి మళ్లి సొంత బ్రిటిష్ సేనలోని కెప్టెన్ మెర్సర్‌నే తరిమింది. 1844లో విలియం హేల్ కర్ర తీసేసి జువ్వను గిరగిర తిప్పే ఏర్పాటు చేశాడు. అది పనికొచ్చే మార్పే, కాకపోతే ఆలస్యమైంది. గాడుల గొట్టం ఫిరంగులు ఆలోగా దాన్ని దాటిపోయాయి.

1960ల్లో కాలిఫోర్నియాలో ఎం.బి. అసోసియేట్స్ అనే సంస్థ అదే ఆలోచనను జేబులో పట్టే పిస్తోలుగా చేసి జైరోజెట్ అని పేరు పెట్టింది. తూటాయే 13 మి.మీ. జువ్వ, అడుగున ఏటవాలుగా నాలుగు రంధ్రాలు, వాటిగుండా వచ్చే సెగ దాన్ని తిప్పుతుంది. సుత్తి తూటా ముక్కు మీద కొట్టి వెనక ఉన్న సూదికి నొక్కుతుంది. ముందుకు దూసుకుపోతూ తూటాయే సుత్తిని మళ్లీ ఎక్కుపెడుతుంది. చూడ ముచ్చటైన పనితనం. అయితే గొట్టం దాటేటప్పుడు తూటాకు వేగం బాగా తక్కువ. పూర్తి ఊపు అందేది కొన్ని మీటర్లు పోయాకే. పిస్తోలు అవసరమయ్యేది దగ్గరివాడి మీద, ఇది బలహీనంగా ఉండేదీ ఆ దగ్గరలోనే. దూరానికి బలం వచ్చేసరికి గురి చెదిరేది, చెమ్మ తగిలితే అసలు అంటుకునేదే కాదు. 1968లో అమెరికా చట్టం మారడంతో తూటాను 12 మి.మీ.కు కుదించారు, కొద్దికాలానికే తయారీ ఆగింది. మిగిలిన తూటాలు ఇప్పుడు సేకరించేవారి పెట్టెల్లో ఉన్నాయి. ఒక్కోదాని ధర చూశాక కాల్చబుద్ధి కాదు.