పాఠశాల చరిత్రలో బౌద్ధం: మనం ఏమి కోరాలి?

 

ఉన్నత పాఠశాల విద్యార్థులు చదవవలసిన చరిత్రలో ఏ మార్పులు రావాలో చెప్పమని నిర్వాహకులు మమ్ము కోరారు. ఈ అంశానికి కోల్‌కతా తగిన వేదిక. 1891లో అనగారిక ధర్మపాల స్థాపించిన మహాబోధి సభ మరుసటి సంవత్సరమే ఈ నగరాన్ని కేంద్రంగా చేసుకొన్నది. ఆ 1892లోనే కృపాశరణ్ మహాస్థవిరులు ఇక్కడ బౌద్ధ ధర్మాంకుర సభను నెలకొల్పారు. 1920లో కాలేజ్ స్క్వేర్ వద్ద ధర్మరాజిక విహారం వెలసింది. ఆధునిక భారతంలో బౌద్ధం మళ్లీ తలెత్తిన చోట్లలో ఈ నగరం ఒకటి.

ఇక ఈ నగరపు పిల్లల చరిత్ర పాఠాల వరుస చూడండి. పశ్చిమ బెంగాల్ బోర్డు పద్ధతిలో ఆరవ తరగతికి ప్రాచీన భారతం, ఏడుకు మధ్యయుగం, ఎనిమిదికి ఆధునిక యుగం. తొమ్మిదవ తరగతి ఫ్రెంచి విప్లవంతో మొదలై ఐరోపా చరిత్రగా సాగుతుంది. పదవ తరగతిలో బ్రిటిష్ పాలన నాటి భారతం. అంటే పదకొండేళ్ల వయసులో బాలుడు బుద్ధుణ్ణి, అశోకుణ్ణి కలుసుకొంటాడు. ఆ తరువాత మాధ్యమిక్ పరీక్ష దాకా వారి జాడ ఉండదు. రాజకుమారుడు, రథసారథి, బోధివృక్షం, కళింగ యుద్ధం: ఇంతటితో బౌద్ధం ఒక ముగిసిన కథగా మనసులో నిలిచిపోతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పాత పుస్తకాల్లోనూ వరుస దాదాపు ఇదే. సాంచి స్తూపం నిలిచి, అమరావతి స్తూపం ఎందుకు నిలవలేదన్న చక్కని చర్చ వారి పన్నెండవ తరగతి పుస్తకంలో ఉన్నది. కాని అది చరిత్రను ఐచ్ఛికంగా ఎంచుకొన్న కొద్దిమందికే అందుతుంది.

ఆ ఆరవ తరగతి పాఠానికి కూడా కోత పడింది. 2022లో, కోవిడ్ అనంతరం విద్యార్థులపై భారం తగ్గించే పేరిట, ఎన్‌సీఈఆర్‌టీ ఆరవ తరగతి పుస్తకంలో వర్ణాల గురించిన భాగాన్ని సగానికి కుదించింది. వర్ణం పుట్టుకతో వస్తుందనడం, కొందరిని అంటరానివారిగా నిర్ణయించడం, ఆ ఏర్పాటును కొందరు తిరస్కరించడం, వీటిని తెలిపే వాక్యాలు పోయాయి. ఆ వాక్యాలు లేనిదే బుద్ధుడు ఎవరికి ఏమి సమాధానమిచ్చాడో బాలునికి బోధపడదు. ప్రశ్నను తొలగించి జవాబును మిగిల్చినట్లయింది.

ఆ సమయంలోనే పన్నెండవ తరగతి నుండి మొగలు దర్బారుల అధ్యాయమూ పోయింది. అది మన సంగతి కాదని మనవారిలో కొందరు అన్నారు. మేము ఏకీభవించము. నచ్చని యుగాన్ని పుస్తకం నుండి తీసివేయవచ్చునన్న సూత్రాన్ని ఒకసారి ఒప్పుకొంటే, అది రేపు మన పుటల మీదికీ వస్తుంది. ఇద్దరికీ న్యాయం ఒకటే కావాలి.

అయితే మనం ఏమి కోరాలి? బుద్ధునికి మరి నాలుగు పుటలు కావాలన్నది మనం తరచుగా చేసే విన్నపం. పుటలు పెరిగినంత మాత్రాన అవగాహన పెరగదు. పెద్ద తరగతుల విద్యార్థికి కావలసినది ఆధారాన్ని చదవడం. ఒక ఉదాహరణ చెబుతాము.

అమరావతి స్తూపానికి చెందిన ఒక ఫలకంపై పూర్ణఘటం చెక్కి ఉన్నది. దానిపై శాసనం ప్రాకృతంలో ఉన్నది. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు, చర్మకారుడైన విధికుడు, తన తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారునితో, కుమార్తెలతో, బంధుమిత్రులతో కలిసి చేసిన దానమిది అని దాని భావం. తోలుపని చేసే ఒక మనిషి తన వృత్తిని దాచుకోకుండా, తన ఇంటిల్లిపాదితో కలిసి మహాస్తూపం మీద పేరు చెక్కించుకొన్నాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో స్వీకరించిన రాజముద్రలో ఉన్నది అమరావతి శిల్పంలోని పూర్ణఘటమే. ఆ ముద్రను నిత్యం చూసే పిల్లలలో విధికుని పేరు విన్నవారు ఎందరు?

ఈ ఫలకాన్ని తరగతిలో ఉంచితే విద్యార్థి రెండు సంగతులు నేర్చుకొంటాడు. ఒక చర్మకారునికి దానమిచ్చే స్తోమత, స్తూపం దగ్గర గౌరవమైన చోటు ఉండేవని శాసనం చెబుతున్నది. ఆనాడు కులభేదమే లేదని మాత్రం అది చెప్పడం లేదు. ఈ రెండవ మాట మనకు రుచించకపోవచ్చు. కాని రెండు మాటలూ కలిస్తేనే చరిత్ర పాఠం అవుతుంది.

ఈ శాసనాలను నేడు మనం చదవగలుగుతున్నామంటే దాని వెనుక ఈ నగరమే ఉన్నది. కలకత్తా టంకశాలలో పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్ సాంచి స్తూపం మీది చిన్న శాసనాలన్నీ ఒకే రెండక్షరాలతో ముగుస్తున్నాయని గమనించాడు. ఆ మాట ‘దానం’ అయి ఉంటుందని ఊహించాడు. ఆ తాళంచెవితో 1837లో బ్రాహ్మీలిపి తెరుచుకొన్నది. సింహళంలోని పాలి గ్రంథాల సాయంతో జార్జ్ టర్నర్, శాసనాల్లోని ప్రియదర్శి అశోకుడే అని గుర్తించాడు. సామాన్య దాతల మాట ఒక చక్రవర్తిని మనకు తిరిగి తెచ్చి ఇచ్చింది.

ఇదే కథలో తెలుగువారూ ఉన్నారు. 1790ల చివరలో అమరావతిలోని దీపాలదిన్నెను తవ్వి, రాళ్లను కట్టడాలకు తరలిస్తున్న రోజుల్లో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. 1816లో మరల వచ్చి శిల్పాల చిత్రాలు గీయించాడు. ఆయన సేకరణలకు వెన్నెముక కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. బొర్రయ్య 1803లో మరణించగా లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. మెకంజీ పోయిన తరువాత ఆ పరిశోధనను తాను నడుపుతానని లక్ష్మయ్య కోరినప్పుడు, 1836లో ఆసియాటిక్ సొసైటీ అంగీకరించలేదు. దేశీయులకు అంతటి సామర్థ్యం ఉండదన్నది దాని అభిప్రాయం. అప్పటి కార్యదర్శి ఈ ప్రిన్సెప్పే. లిపిని తెరిచిన మేధ, మనిషిని తోసిపుచ్చిన అహం ఒక్కనిలోనే ఉన్నాయి. వలస పాలన అంటే ఏమిటో పదవ తరగతి విద్యార్థికి చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం మాకు తోచదు.

ఇక మనకు మనం వేసుకోవలసిన ప్రశ్న. బౌద్ధం ఈ దేశంలో ఎలా క్షీణించిందన్న విషయంలో ఒకే శత్రువును చూపించే పాఠం కావాలని మనలో కొందరి ఆశ. రాజాదరణ తగ్గడం, వ్యాపార మార్గాలు మారడం, విహారాలు సామాన్య గృహస్థులకు దూరం కావడం, బ్రాహ్మణ మతాల పోటీ, విహారాల ధ్వంసం, వీటన్నిటి పాత్రను చరిత్రకారులు చర్చిస్తూనే ఉన్నారు. ప్రాంతాన్ని బట్టి, శతాబ్దాన్ని బట్టి సమాధానం మారుతుంది. ఆ చర్చనే విద్యార్థి ముందు ఉంచాలి. మహాపరినిర్వాణ సూత్రంలో తథాగతుడు ఉపదేశించిన నాలుగు మహాపదేశాలను తలచుకోండి. ఇది బుద్ధుని నోట స్వయంగా విన్నానని ఎవరైనా చెప్పినా, వెంటనే మెచ్చవద్దు, వెంటనే తిరస్కరించవద్దు, సూత్రంతో, వినయంతో సరిపోల్చి చూడమన్నాడు. తన మాటకే ఆ పరీక్ష పెట్టిన శాస్త అనుయాయులు, తమ చరిత్రకు మినహాయింపు అడగరాదు.

కాబట్టి మన విన్నపాలు మూడు. పశ్చిమ బెంగాల్ పదవ తరగతి పుస్తకం ‘చరిత్ర భావన’ అన్న అధ్యాయంతో మొదలవుతుంది. ఆహారం, వస్త్రధారణ, క్రీడలు కూడా చరిత్రకు విషయాలేనని అది చెబుతుంది. అందులో ఒక దాన శాసనాన్ని చదివించే పాఠం చేర్చాలి. రెండవది, బ్రహ్మసమాజం, రామకృష్ణ వివేకానందులు ఉన్న సంస్కరణల అధ్యాయంలో బౌద్ధ పునరుజ్జీవనానికీ చోటివ్వాలి. 1893 చికాగో సర్వమత సభలో వివేకానందులతో పాటు ధర్మపాల కూడా ప్రసంగించారు. ఆ పుస్తకంలోనే ఉన్న దళిత ఉద్యమాల పాఠం 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేడ్కర్ దీక్ష స్వీకరించిన ఘట్టం దాకా సాగాలి. మూడవది, ఎన్‌సీఈఆర్‌టీ తొలగించిన వర్ణ విషయక వాక్యాలు పిల్లల పుస్తకంలోకి తిరిగి రావాలి. ఇవేవీ పుస్తకాన్ని బరువు చేయవు. ఉన్న అధ్యాయాలలోనే ఇమిడిపోతాయి.

విన్నపాలు పంపేటప్పుడు పుట, వాక్యం, ఆధారం పేర్కొని రాద్దాం. ఆవేశంతో రాసిన ఉత్తరం దస్త్రంలో నిద్రపోతుంది, ఆధారంతో రాసిన ఉత్తరానికి జవాబు చెప్పవలసి వస్తుంది. బోర్డు కదిలే దాకా మన పని ఆగనక్కరలేదు. చౌరంగీలోని ఇండియన్ మ్యూజియంలో, కన్నింగ్‌హామ్ 1873లో కనుగొన్న భార్హుత్ స్తూప ప్రాకారం ఉన్నది. దాని మీద దాతల పేర్లున్నాయి. ఒక ఆదివారం మన పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి, చివరి రెండక్షరాలను వెదకమని చెప్పండి. పుస్తకం ఇవ్వని పాఠం ఆ రాతి దగ్గర మొదలవుతుంది.

నమో బుద్ధాయ. జై భీమ్.