వేలిముద్ర వేసినవాడిదేనా తప్పు?



చావు పందెం కథల్లో నీతి గురించి మాట్లాడుకోవడానికి కారేపల్లి ఎందుకు అనిపించవచ్చు. నాకైతే ఇంతకన్నా తగిన చోటు తోచడం లేదు. ఈ స్టేషన్ దగ్గర రైలు పట్టాలు చీలి ఒకటి ఇల్లెందు గనులకు, ఒకటి భద్రాచలం రోడ్డుకు పోతాయి. పక్కనున్న సింగరేణి అనే చిన్న ఊరు తన పేరును దేశమంతా ఎరిగిన బొగ్గు కంపెనీకి ఇచ్చింది. బొగ్గు, అడవి, మిర్చి, అప్పు కలిసిన నేల ఇది. బతకడానికి మనిషి దేనికి ఒప్పుకుంటాడో ఇక్కడి కోయ, లంబాడా పెద్దలకు ఏ తెరా నేర్పనక్కర్లేదు.

మన చర్చకు మూలమైన కొరియా సిరీస్ 'స్క్విడ్ గేమ్' 2021 సెప్టెంబరు 17న విడుదలైంది. రాసింది, తీసింది హ్వాంగ్ డాంగ్-హ్యుక్. అప్పుల్లో కూరుకుపోయిన 456 మందిని ఒక దీవికి చేర్చి చిన్నపిల్లల ఆటలు ఆడిస్తారు. ఓడినవాణ్ణి చంపేస్తారు. చివరికి మిగిలినవాడికి 4,560 కోట్ల వోన్‌లు. ఇలాంటి కథ ఇదే మొదటిది కాదు. జపాన్‌లో 1999లోనే 'బ్యాటిల్ రాయల్' నవల వచ్చింది. అయినా ఇది మనల్ని ఎక్కువగా కలచివేయడానికి కారణం ఇందులోని మనుషులను బలవంతంగా ఎత్తుకెళ్లకపోవడమే. వాళ్లు సంతకం పెట్టి ఆడతారు.

ఈ కథ మీద మామూలుగా వినిపించే వ్యాఖ్య ఒకటుంది: ప్రాణం మీదికి వస్తే మనిషి మృగమవుతాడని. ఆ మాటను నేను ఒప్పుకోను. కథే దాన్ని ఒప్పుకోదు. గోళీల ఆట చూడండి. పెద్ద విశ్వవిద్యాలయంలో చదివిన సాంగ్-వూ, తనను అన్నగా నమ్మిన పాకిస్తానీ వలస కార్మికుడు అలీని మోసం చేసి, అతని సంచిలో గోళీలకు బదులు గులకరాళ్లు పోస్తాడు. అదే గంటలో, అదే ఆవరణలో, జి-యాంగ్ అనే అమ్మాయి ఉత్తర కొరియా నుంచి పారిపోయి వచ్చిన సే-బ్యోక్ కోసం కావాలనే గోళీని జారవిడిచి చావును ఎంచుకుంటుంది. ఇద్దరికీ ఉన్నది ఒకే భయం, ఒకే గడువు. ఒకరు నమ్మకాన్ని అమ్ముకున్నారు, ఒకరు ప్రాణాన్ని పంచి ఇచ్చారు. కనుక సాంగ్-వూ చేసిన పనికి సాంగ్-వూయే బాధ్యుడు. కరువు కాలంలో కూడా ద్రోహానికి ద్రోహమనే పేరు.

అయితే అక్కడితో విచారణ ముగించే విమర్శకులతో నాకు తగాదా ఉంది. ఆ ఆటకు ఒప్పందపత్రం ఉంది, అందులో మూడు షరతులు: ఆట మధ్యలో మానకూడదు, ఆడనంటే తొలగిస్తారు, మెజారిటీ కోరితే ఆట ఆపుతారు. మొదటి ఆటలోనే 255 మంది చనిపోయాక మిగిలినవాళ్లు ఓటు వేస్తారు. 101కి 100 ఓట్లతో ఆట ఆగుతుంది, అందరూ ఇళ్లకు పోతారు. ఆ తర్వాత 201 మందిలో 187 మంది తమంతట తామే తిరిగి వస్తారు. ఆట పెట్టినవాడికి ఇంతకన్నా గొప్ప సాక్ష్యం ఏం కావాలి? ఎవరినీ బలవంతపెట్టలేదు, అందరికీ సమాన అవకాశం ఇచ్చాం, బయటి లోకంలో అదీ లేదు కదా అంటాడు. కథంతటిలో నన్ను భయపెట్టింది తుపాకులకన్నా ఈ వాదనే.

ఈ వాదన ఈ నేలకు కొత్త కాదు. నిజాం కాలంలో తెలంగాణలో భగేలా అనే పద్ధతి ఉండేది. పెళ్లికో, చావుకో, కరువులో గింజలకో దొర దగ్గరో షావుకారు దగ్గరో చేసిన అప్పుకు మనిషి తన కష్టాన్ని రాసిచ్చేవాడు. అప్పు తీరేదాకా ఆ ఇంట్లో చాకిరి. లెక్క షావుకారు పుస్తకంలో ఉంటుంది, వేలిముద్ర వేసినవాడికి చదువు రాదు. తండ్రి తీర్చలేనిది కొడుకు నెత్తికి వచ్చేది. అడిగితే ఒకటే జవాబు: "నువ్వే కదా ఒప్పుకున్నది." నిజాం ప్రభుత్వమే 1936లో ఈ ఒప్పందాలపై చట్టం తేవలసి వచ్చింది. 1940లలో ఈ ప్రాంతాల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, గోదావరి ఒడ్డు కొండరెడ్లు కలప, వెదురు వ్యాపారుల బాకీల కింద ఎలా నలిగారో రాసిపెట్టాడు. దేశవ్యాప్తంగా వెట్టిని నిషేధించే చట్టం 1976కు గాని రాలేదు. ఆకలిగొన్నవాడు ఇచ్చిన సమ్మతిని సమ్మతిగా లెక్కించరాదని ఒప్పుకోవడానికి ఒక దేశానికి అంతకాలం పట్టింది.

హ్వాంగ్ కూడా గాలిలోంచి కథ అల్లలేదు. కథానాయకుడు గి-హున్ ఉద్యోగం పోగొట్టుకున్న కార్ల ఫ్యాక్టరీ కార్మికుడు. ఆ పాత్ర వెనుక 2009లో సాంగ్‌యాంగ్ మోటార్ కార్మికులు 77 రోజులు నడిపిన సమ్మె ఉందని దర్శకుడే చెప్పాడు. 2021 నాటికి కొరియాలో కుటుంబాల అప్పు ఆ దేశ వార్షిక ఉత్పత్తినే దాటిపోయింది. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మిర్చి యార్డు గుర్తు చేసుకోండి. ముందటి ఏడు మంచి ధర చూసి అందరూ మిర్చే వేశారు. పంట ఒక్కసారే యార్డుకు చేరింది, ధర కూలింది, రైతుల కడుపుమంట యార్డు మీద పడింది. అరెస్టయిన రైతులను తర్వాత చేతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. మిర్చి వేయమని వాళ్లనూ ఎవరూ బలవంతపెట్టలేదు. విత్తనం ధర, మందు ధర, వడ్డీ, యార్డు రేటు వీటిలో ఒక్కటి కూడా రైతు నిర్ణయించింది కాదు, అంతే.

మన పురాణ కథల్లో ఈ ప్రశ్నను అందరికన్నా ముందు అడిగింది ఏకచక్రపురమని నా అభిప్రాయం. బకాసురుడితో ఊరు ఒప్పందం చేసుకుంది. వంతు ప్రకారం ఇంటికొకరు బండెడు అన్నంతో, దున్నలతో పోవాలి. రాజు పట్టించుకోడు. ఊరికి అలవాటైపోయింది. ఒక బ్రాహ్మణుడి ఇంటికి వంతు వచ్చినప్పుడు తండ్రి నేను పోతానంటాడు, తల్లి నేనంటుంది, కూతురు నేనంటుంది, మాటలైనా సరిగా రాని కొడుకు గడ్డిపరక పట్టుకుని రాక్షసుణ్ణి దీనితో చంపుతానంటాడు. ఆది పర్వంలో నన్ను ఎప్పుడూ ఆపేసే ఘట్టం ఇది. జి-యాంగ్ త్యాగం ఈ ఇంటి త్యాగానికి చెల్లెలు. కానీ వ్యాసుడు ఆ త్యాగం దగ్గర కథ ఆపలేదు. ఎవరు పోయినా మరునాడు ఇంకొకరి వంతు వస్తుందని ఆయనకు తెలుసు. అందుకే కుంతి భీముణ్ణి పంపింది. వంతు పాటించడానికి బయలుదేరిన భీముడు వంతునే లేకుండా చేసి వచ్చాడు. ఇటు 'స్క్విడ్ గేమ్'లో, 2025 జూన్ 27న వచ్చిన మూడో భాగం చివర గి-హున్ ఒక పసిబిడ్డ కోసం ప్రాణం ఇస్తాడు. చూసినవాళ్లు కన్నీరు పెట్టారు. కానీ ఆఖరి దృశ్యంలో అదే ఆట అమెరికాలో సాగుతూ కనిపిస్తుంది. హ్వాంగ్ కథలో భీముడు రాలేదు. మన కాలానికి ఆ ముగింపే నిజాయితీ గలదేమో, దాని మీద ఈ సదస్సులో వాదన జరగాలని కోరుతున్నాను.

పిల్లల ఆటల గురించి ఒక మాట. మన చెడుగుడులోనూ చావుంది. తాకితే చచ్చినట్టే, గీత బయట కూర్చోవాలి. కానీ మన జట్టువాడు అవతలివాణ్ణి ఔట్ చేస్తే బయట కూర్చున్నవాడు లేచి లోపలికి వస్తాడు. ఆ పద్ధతికి సంజీవని అనే పేరే ఉంది. తోటివాడి గెలుపు నాకు ప్రాణం పోస్తుంది. ఆ దీవిలో ఆట పెట్టినవాళ్లు పిల్లల ఆటల్లోంచి తీసేసింది సరిగ్గా దీన్నే. తోటివాడి చావుతో డబ్బు పెట్టె బరువెక్కేలా నియమం రాశారు. ఒక్కో శవానికి పది కోట్ల వోన్‌లు.

ఇల్లెందు నుంచి కొత్తగూడెం దాకా గనుల్లో దిగినవాళ్లను అడగండి, మనుగడ అంటే ఏమిటో. భూమి లోపల పైకప్పును తట్టి చప్పుడు వినాలి. తేడా పసిగట్టినవాడు కేక వేస్తాడు, అందరూ తప్పుకుంటారు. విషవాయువు ఉన్న చోటికి ఊపిరి పరికరాలు తగిలించుకుని పోయే రెస్క్యూ దళంలో ఉండేదీ కార్మికులే. అక్కడా చావు భయం ఉంది, జీతం కోసమే దిగుతారు. అయినా పక్కవాడు బతకడం తన బతుకులో భాగమన్న నియమంతోనే పనిచేస్తారు. అంటే భయం ఒక్కటే మనిషిని మృగం చేయదు. నియమం ఎలా రాశారన్నది చూడాలి.

చివరగా ప్రేక్షకుల సంగతి. ఆ కథలో బంగారు ముసుగులు వేసుకుని చావును చూస్తూ మద్యం తాగే ధనికులను దర్శకుడు అసహ్యంగా చూపించాడు. 2023 నవంబరులో ఆ సిరీస్‌ను ప్రసారం చేసిన సంస్థే నిజమైన 456 మందితో, 45.6 లక్షల డాలర్ల బహుమతితో, అలాంటి ఆటలతో పోటీ కార్యక్రమం నడిపింది. చంపలేదు సరే. కానీ పేదరికం మీద ఎక్కుపెట్టిన కథను వినోదంగా తిరగరాసి మనకే అమ్మారు. దీన్ని సాహిత్య విమర్శ ఉపేక్షించకూడదు. రచయితలుగా మనం బాధితుడి కన్నీటిని వర్ణించడంలో చూపే శ్రద్ధ, షరతులు రాసినవాడి గదిని వర్ణించడంలో చూపడం లేదు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'లో గడీ లోపలికి వెళ్లి చూపించారు. ఆ పని అప్పుల యాప్‌ల కాలానికి మళ్లీ చేయాలి. 2020లో మన రాష్ట్రంలోనే ఆ యాప్‌ల వేధింపులకు యువకులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లూ ఏదో ఒక షరతుల పేజీ కింద 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కినవాళ్లే.

ఈ మండలం విద్యార్థులకు నాదొక విన్నపం. మీ తాతల ఇళ్లల్లో పాత ట్రంకు పెట్టెల్లో అప్పు కాగితాలు, భగేలా ఒప్పందాలు ఉంటే పారేయకండి. వాటి మీద ఏం రాసి ఉంది, ఎవరు రాశారు, సాక్షిగా ఎవరు నిలబడ్డారు, ఈ మూడూ రాసుకుని మీ అధ్యాపకులకు ఇవ్వండి. ఇక మొదటి పత్రం చదివేవారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.