రాజనీతిశాస్త్రం మన పిల్లలకెందుకు?

(చేవెళ్ల, మొయినాబాద్ మండలాల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీ ప్రవేశాల వేళ ఏ ఇంటికి వెళ్లినా మాకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "పొలిటికల్ సైన్స్ చదివితే ఏ ఉద్యోగం వస్తుంది సాబ్?" ప్రశ్న సమంజసమైనదే. అయితే మొయినాబాద్‌లో గుంటెడు భూమి ఉన్నవారెవరూ 111 జీవో పేరు వినకుండా ఉండరు. జంట జలాశయాల రక్షణకై 1996లో 84 గ్రామాలపై విధించిన ఆంక్షలవి. వాటిని ఎత్తివేస్తున్నట్లు 2022లో 69వ జీవో వచ్చింది. జీవోకూ చట్టానికీ తేడా ఏమిటో, కోర్టు తీర్పు ముందు జీవో బలమెంతో తెలియక దళారి మాట నమ్మేవారు ఎందరో! ఆ తేడాను బోధించేది ఈ శాస్త్రమే.

చేవెళ్ల శాసనసభ స్థానాన్నే తీసుకుందాం. 2008 పునర్విభజనలో అది ఎస్సీలకు రిజర్వు అయింది. ఇది దళిత సోదరులపై ఫిర్యాదు కాదు. అది వారికి రాజ్యాంగం ఇచ్చిన హక్కు. కానీ ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్‌లలో ముస్లిం జనాభా అధికంగా ఉన్న స్థానాలు రిజర్వు కావడాన్ని 2006లో సచార్ కమిటీ ఎత్తిచూపింది. చేవెళ్ల ఆ కోవలోకి వస్తుందా, రాదా? ఊహతో చెప్పరాదు, జనాభా లెక్కల పట్టికలు ముందుంచుకొని తేల్చవలసిన విషయమది. పునర్విభజన సంఘం ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు కోరుతుంది. ఆనాడు గడువులోగా అంకెలతో అర్జీ రాయగలవారు మనలో ఎందరున్నారు? ఏళ్ల తరబడి దస్త్రాల మధ్య పనిచేసిన మాకు ఒక సంగతి తెలుసు: ఆవేశంతో రాసిన అర్జీ ఫైలులో నిద్రపోతుంది, పట్టిక జతచేసిన అర్జీకి జవాబు రాయక తప్పదు.

చదివే పద్ధతీ మారింది. 14వ శతాబ్దంలోనే ఇబ్న్ ఖల్దూన్ రాజ్యాల ఉత్థాన పతనాలకు కారణాలను సమాజంలో వెతికారు. ఉస్మానియాలో హారూన్ ఖాన్ షేర్వానీ బోధించిన కాలంలో చరిత్ర, రాజ్యాంగాలే ప్రధానం. 1963లో ఢిల్లీలో సీఎస్‌డీఎస్ ఏర్పడ్డాక ఓటరునే అడిగి తెలుసుకునే సర్వేలు బలపడ్డాయి. నేడు పోలింగ్ కేంద్రాల వారీ ఓట్లు ఫారం-20లో ఎవరికైనా లభిస్తున్నాయి. "వారంతా గంపగుత్తగా ఒకరికే వేశారు" అన్న ప్రచారాన్ని అక్కడ పరీక్షించవచ్చు. ఒకే కేంద్రంలో అన్ని వర్గాల ఓట్లూ కలిసి ఉంటాయి గనుక ఎంతవరకు చెప్పవచ్చో, ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. పద్ధతి అంటే అదే.

కనుక దోస్త్‌లో ఐచ్ఛికాలు నింపేటప్పుడు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు, ఈ సబ్జెక్టును కొట్టివేయకండి. అర్థశాస్త్రమో, కంప్యూటర్లో జతగా దొరికితే మరీ మంచిది. గ్రూప్స్ పరీక్షలకు ఎలాగూ పనికొస్తుంది. వచ్చే సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఒకరు తమ పోలింగ్ కేంద్రం ఓటరు జాబితాను, ఫారం-20 ప్రతిని వెంట తేవలసిందిగా కోరుతున్నాము.