చక్రాల ఇంట్లో వేడినీళ్ల ట్యాంకు

అమెరికా, కెనడాలలో చాలా కుటుంబాలు సెలవుల్లో పడక, వంటగది, స్నానాలగది అన్నీ ఉన్న వాహనాల్లో ఊళ్లు తిరుగుతాయి. వీటిని రిక్రియేషనల్ వెహికల్స్, క్లుప్తంగా ఆర్.వి.లు అంటారు. ఆ వాహనం పక్కగోడలో ఒక నీళ్ల హీటరు ఉంటుంది. తరచు కనిపించేది 6 గాలన్లది, అంటే సుమారు 23 లీటర్లు. ప్రొపేన్ మంటతోనో, కరెంటు ఎలిమెంటుతోనో నీళ్లు కాగుతాయి. మీరు చదివే విద్యుత్ రసాయనశాస్త్రం ఆ చిన్న ట్యాంకులో రాత్రింబవళ్లు పనిచేస్తూ ఉంటుంది.

కొన్ని ట్యాంకులు ఉక్కువి. లోపల గాజు వంటి పూత ఉంటుంది. పూతలో ఎక్కడో ఒక సన్నని పగులు ఉండనే ఉంటుంది. అక్కడ వేడినీరు ఉక్కును తాకితే తుప్పు మొదలవుతుంది. దీన్ని ఆపడానికి ట్యాంకులో ఒక మెగ్నీషియం కడ్డీ బిగిస్తారు. ఇనుము ప్రమాణ పొటెన్షియల్ -0.44 వోల్టులు, మెగ్నీషియంది -2.37. కాబట్టి మెగ్నీషియం ముందుగా ఎలక్ట్రాన్లను వదులుకొని కరుగుతుంది. ఉక్కు కాథోడ్‌గా మారి నిలుస్తుంది. ఈ కడ్డీనే శాక్రిఫిషియల్ ఆనోడ్ అంటారు. హంఫ్రీ డేవీ 1824లోనే బ్రిటిష్ నౌకల రాగిరేకులకు ఇనుము, జింకు ముక్కలు తగిలించి ఈ సూత్రాన్ని ప్రయోగించాడు. రాగి నిలిచింది గాని, దాని మీద సముద్రజీవులు అంటుకొని నౌకల వేగం తగ్గింది! మన ఇళ్లలోని చాలా స్టోరేజి గీజర్లలోనూ ఇలాంటి కడ్డీ ఉంటుంది. విప్పి చూసేవారే తక్కువ. ఏడాదికొకసారి చూసి, ముప్పాతిక వంతు కరిగిపోయి ఉంటే మార్చాలి. అల్యూమినియం ట్యాంకులకు సాధారణంగా ఈ కడ్డీ ఉండదు.

కఠినజలం కాగినప్పుడు కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, కార్బొనేట్‌గా అడుగున పేరుకుంటుంది. వెనిగర్ దాన్ని కరిగిస్తుంది. అయితే వెనిగర్ పోసేముందు ఆనోడ్ కడ్డీని తీసి, మామూలు ప్లగ్గు బిగించాలి. మెగ్నీషియం ఆమ్లంలో ఏమవుతుందో మీకు తెలుసు కదా!

ఇక అసలు జాగ్రత్త భద్రతా వాల్వు దగ్గర ఉంది. నీళ్లు 20 నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే ఘనపరిమాణం సుమారు ఒకటిన్నర శాతం పెరుగుతుంది. అంటే 23 లీటర్లకు మూడో వంతు లీటరు. ఆ పెరుగుదలను ట్యాంకు పైభాగాన ఉన్న గాలి మెత్తలా తట్టుకుంటుంది. ఆ గాలి క్రమంగా నీటిలో కరిగిపోతుంది. అప్పుడు వాల్వు నుంచి బొట్లు కారడం మొదలవుతుంది. వాల్వు చెడిందనుకొని కొత్తది కొనేవారున్నారు. అంతవరకు నష్టం డబ్బే. కారుతోందని దానికి బిరడా బిగించడం మాత్రం ప్రాణాంతకం. ఆ వాల్వు చదరపు అంగుళానికి 150 పౌన్ల పీడనం దగ్గర, లేదా 99 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. అది మూసుకుపోయి, థర్మోస్టాట్ కూడా విఫలమైతే, పీడనం వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా ద్రవంగానే ఉంటుంది. ట్యాంకు చీలిన క్షణంలో అందులో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. గాలిని తిరిగి నింపడం తేలిక. హీటరు ఆపి, నీళ్లు చల్లారనిచ్చి, సరఫరా కట్టేసి, వేడినీళ్ల కుళాయి తిప్పాలి. తరువాత వాల్వు పిడి ఎత్తి, నీళ్లు కారడం ఆగాక దించాలి. అప్పటికీ కారుతుంటే వాల్వు మార్చాల్సిందే.

చలికాలంలో నీరు గడ్డకట్టి తొమ్మిది శాతం ఉబ్బుతుంది కనుక, శీతలదేశాల్లో ముందే ట్యాంకు ఖాళీ చేస్తారు. ఇక్కడా తొందర పనికిరాదు. చల్లార్చి, పీడనం వదిలాకే అడుగు ప్లగ్గు విప్పాలి; లేకపోతే కాగిన నీళ్లు విప్పేవారి మీదికే చిమ్ముతాయి. వసంతంలో మళ్లీ నింపేటప్పుడు వేడినీళ్ల కుళాయి తెరిచి ఉంచి, గాలి చప్పుళ్లు ఆగి ధార నిలకడగా వచ్చాకే స్విచ్చి వేయాలి. ఖాళీ ట్యాంకులో కరెంటు ఎలిమెంటు కొద్దిసేపటికే మాడిపోతుంది.