చింతచెట్ల కింద అడ్డసరం



అప్పులు, వాయిదాల లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. మేము చెట్ల సంగతి చెప్తాం.

మా గ్రామ సమాఖ్య ఆఫీసు వెనక నాలుగు చింతచెట్లున్నాయి. ఏటా కాయ దులిపి, కొట్టి, అమ్మితే వచ్చే డబ్బుతోనే కరెంటు బిల్లు, పుస్తకాల ఖర్చు వెళ్లదీస్తాం. వాటి కింద మన్ను కొట్టుకుపోయి వేర్లు బయటపడ్డాయి. సిమెంటు పోయిద్దామని కొందరన్నారు. పోయిస్తే వాననీళ్లు వేర్లకు దిగేదెట్లా? చెట్టు దెబ్బతింటే కాయ ఎక్కడిది? మేం ఒప్పుకోలేదు. గడ్డి వేద్దామంటే ఆ నీడలో రాదు. చిన్న వానను కొమ్మలే ఆపేస్తాయి, కిందికి దిగిన తడిని చింతవేర్లు తాగేస్తాయి.

అట్లాంటి చోట తట్టుకునేది మన అడ్డసరం. కంచెల్లో ఊరికే దొరుకుతుంది. ఏడాది పొడుగునా ఆకు పచ్చగా ఉంటుంది. చేదు కాబట్టి మేకలు ముట్టవు. మా ఊళ్లో మేకలు ముట్టని మొక్క అంటే సగం బతికినట్టే.

వానలు పడ్డాక ముదురు కొమ్మలు జానెడు ముక్కలుగా కోసి, రెండు కణుపులు మన్నులోకి పోయేటట్టు రెండడుగులకొకటి నాటినాం. పారతో తవ్వితే చింత సన్నవేర్లు తెగుతాయి, అందుకని గునపంతో బెజ్జం పెట్టి గుచ్చినాం. మొదటి ఏడు నీళ్లు తప్పవు. వంతులేసుకుని బిందెలతో పోసినాం. రెండో ఏడు నుంచి ఆ పని తప్పింది.

మోకాలెత్తు దాటనివ్వం. కోసిన ఆకు అక్కడే పరుస్తాం. "ఈ పొదల్లో కాయ ఏరేదెట్లా?" అని మా అత్తలు గట్టిగానే అడిగినారు, న్యాయమైన మాటే. కాయ దులిపే ముందు జానెడెత్తుకు కోసి, పైన పట్టాలు పరుస్తున్నాం. తెల్లపూత కొంచెం పోతుంది, పోనీ. మళ్లీ చిగురేస్తుంది.

ఇంకో మాట. ఆకు దగ్గుకు మందని అందరికీ తెలుసు. కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వొద్దు. గర్భసంచిని ముడుచుకునేటట్టు చేసే గుణం దానికుంది. కోడళ్లున్న అత్తలు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఆషాఢంలో మళ్లీ కోస్తాం. కావాల్సిన సంఘాలవాళ్లు తడి గోనెసంచి తెచ్చుకుంటే కొమ్మలు ఉచితంగా ఇస్తాం.